మేరీ క్యూరీ - రేడియం

పారిస్ నగరంలోని ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయంలో కొన్ని పాత నోటుపుస్తకాలున్నాయి. ఇతర గ్రంథాలవలె వాటిని బీరువాలలో అమర్చలేదు. సీసపు రేకుతో తాపడం చేసిన పెట్టెలలో భద్రపరిచారు. వాటిని పరిశీలింపదలచినవారు, కలుగగల హానికి తామే బాధ్యులమని అంగీకరిస్తూ సంతకం చేయవలసి ఉంటుంది. ఆ పుటలలో దాచవలసిన రహస్యమేదీ లేదు. ఉన్నవి కొలతలు, లెక్కలు, అక్కడక్కడ దిద్దుబాట్లు. నూరేళ్లకు పూర్వం వాటిని రాసిన చేతులకు అంటిన పదార్థం ఆ కాగితాలకు కూడ అంటింది. ఆ చేతులు నిర్జీవమై దశాబ్దాలు గడచినా, కాగితాలలోని పదార్థం నేటికీ కిరణాలను వెలువరిస్తూనే ఉన్నది. ఆ పదార్థం రేడియం. ఆ చేతులు మేరీ క్యూరీవి.

మేరీ 1867 నవంబరు 7వ తేదీన పోలెండు దేశంలోని వార్సా నగరంలో జన్మించింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు మరియా స్క్లొడోవ్‌స్కా. నాటికి పోలెండుకు స్వాతంత్ర్యం లేదు. వార్సా రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. పిల్లలు బడిలో రష్యన్ భాషలోనే చదువవలసి వచ్చేది. తండ్రి గణితం, భౌతికశాస్త్రం బోధించే ఉపాధ్యాయుడు. తల్లి బాలికల పాఠశాలను నడిపింది. ఐదుగురు సంతానంలో మరియా కడగొట్టు బిడ్డ. పెద్దక్క జోఫియా టైఫస్ జ్వరంతో కన్నుమూసింది. 1878లో తల్లి క్షయవ్యాధితో మరణించింది. అప్పటికి మరియాకు పదేళ్లు.

1883లో ఆమె పాఠశాల విద్యను స్వర్ణపతకంతో ముగించింది. కాని వార్సా విశ్వవిద్యాలయంలో స్త్రీలకు ప్రవేశం లేదు. విదేశాలకు పోదామంటే తండ్రి వద్ద ధనం లేదు. అప్పుడు అక్కచెల్లెళ్లిద్దరు ఒక ఒప్పందానికి వచ్చారు. అక్క బ్రోన్యా ముందుగా పారిస్ వెళ్లి వైద్యవిద్య చదువుతుంది. ఆమె ఖర్చులకు మరియా ఉద్యోగం చేసి డబ్బు పంపుతుంది. అక్క స్థిరపడిన పిదప చెల్లెలిని పిలిపించుకుంటుంది. ఈ మాట కోసం మరియా సంపన్నుల ఇండ్లలో పిల్లలకు చదువు చెప్పే కొలువులో చేరింది. ఊరికి దూరంగా ఒక పల్లెలో మూడేళ్లకు పైగా గడిపింది. తీరిక వేళలలో అక్కడి రైతుల పిల్లలను చేరదీసి, ప్రభుత్వానికి తెలియకుండా పోలిష్ భాషలో చదవడం, రాయడం నేర్పింది. పట్టుబడితే శిక్ష తప్పదని ఎరిగే ఆ పని చేసింది. అపాయాన్ని లెక్కచేయని ఈ స్వభావం ఆమెను జీవితాంతం విడువలేదు.

అక్క కూడ మాట తప్పలేదు. 1891లో మరియా పారిస్ చేరి సోర్బాన్ విశ్వవిద్యాలయంలో ప్రవేశించింది. అక్కడ ఆమె పేరు మేరీ అయింది. మేడమీది చిన్న గదిలో, చాలీచాలని తిండితో, గడ్డకట్టే చలిలో చదువు సాగించి 1893లో భౌతికశాస్త్ర పరీక్షలో ప్రథమస్థానం, మరుసటి ఏడు గణితశాస్త్రంలో ద్వితీయస్థానం పొందింది. 1894లో ఆమెకు పియరీ క్యూరీ అనే శాస్త్రజ్ఞునితో పరిచయం కలిగింది. ఆయన మితభాషి, నిరాడంబరుడు. కీర్తి మీద గాని, ధనం మీద గాని ఆశ లేనివాడు. 1895 జూలైలో వారి వివాహం జరిగింది. పెండ్లికి కానుకగా వచ్చిన డబ్బుతో కొత్త దంపతులు రెండు సైకిళ్లు కొనుక్కొని, వాటి మీద పల్లెసీమలలో విహరించారు.

ఆ సంవత్సరమే జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌కిరణాలను కనుగొన్నాడు. 1896లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు హెన్రీ బెకరల్, యురేనియం లవణాలు తమంతట తాముగా ఏవో కిరణాలను వెలువరిస్తున్నాయని గుర్తించాడు. నల్లకాగితంలో చుట్టి చీకటిలో ఉంచిన ఫొటో పలక మీద కూడ ఆ కిరణాలు ముద్ర వేశాయి. ఎక్స్‌కిరణాల మోజులో పడిన శాస్త్రలోకం దీనిని అంతగా పట్టించుకోలేదు. డాక్టరేటు పట్టం కోసం విషయాన్ని వెతుకుతున్న మేరీ మాత్రం దీనినే ఎన్నుకొన్నది.

ఆ కిరణాలు గాలిని స్వల్పంగా విద్యుద్వాహకంగా మార్చుతాయి. ఆ స్వల్ప విద్యుత్తును కొలిచేందుకు, పియరీ తన అన్నతో కలిసి రూపొందించిన సున్నితమైన పరికరం ఆమెకు ఉపకరించింది. ఆమె దొరికిన ప్రతి ఖనిజాన్నీ పరీక్షించింది. యురేనియం పొడిగా ఉన్నా, ద్రవంలో కరిగి ఉన్నా, మరొక మూలకంతో కలిసి ఉన్నా కిరణాల తీవ్రత అందులోని యురేనియం పరిమాణాన్ని బట్టే ఉన్నది. అంటే ఇది రసాయనిక క్రియ కాదు. పరమాణువుకే సహజమైన గుణం. ఈ గుణానికి రేడియోధార్మికత అనే పేరు క్యూరీ దంపతులు పెట్టినదే. యురేనియంను ఇచ్చే పిచ్‌బ్లెండ్ అనే నల్లని ఖనిజం శుద్ధ యురేనియం కన్న ఎన్నో రెట్లు చురుకుగా కనిపించింది. కొలతలో పొరపాటేమోనని ఆమె మళ్లీ మళ్లీ కొలిచింది. పొరపాటు లేదు. ఆ ఖనిజంలో ఎవరూ ఎరుగని మూలకం దాగి ఉండాలి. పియరీ తన పరిశోధనను పక్కన పెట్టి భార్యతో చేరాడు. 1898 జూలైలో వారు ఒక కొత్త మూలకాన్ని ప్రకటించి, పరాధీనంలో ఉన్న తన మాతృదేశం పేరు మీద దానికి పొలోనియం అని నామకరణం చేశారు. ఆ ఏడు డిసెంబరులో రెండవ మూలకం రేడియంను ప్రకటించారు.

ప్రకటించడం ఒక ఎత్తు, చూపించడం మరొక ఎత్తు. రసాయన శాస్త్రజ్ఞులు పదార్థాన్ని కళ్లారా చూడనిదే నమ్మరు. నాడు ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్న జోకిమ్‌స్థాల్ గనుల నుండి యురేనియం తీసివేసిన పిచ్‌బ్లెండ్ పిప్పి బస్తాలకొద్దీ వచ్చింది. దానిని శుద్ధి చేయడానికి దొరికిన చోటు, ఒకప్పుడు వైద్యవిద్యార్థులు శవచ్ఛేదనం చేసిన పాడుపడిన కొట్టం. గాజు పలకల కప్పు నుండి వాన కారేది. మేరీ ఒక్కొక్క మారు ఇరవై కిలోల ముద్దను పెద్ద పాత్రలలో మరిగిస్తూ, తనంత పొడవున్న ఇనుపకడ్డీతో గంటల తరబడి కలియబెట్టేది. కరిగించడం, వడపోయడం, స్ఫటికాలుగా కట్టనివ్వడం, మళ్లీ కరిగించడం - ఇలా వేలసార్లు జరిగింది. దాదాపు నాలుగేళ్ల చాకిరీ తరువాత, 1902లో టన్నులకొద్దీ పిప్పి నుండి లభించిన శుద్ధ రేడియం క్లోరైడు ఒక గ్రాములో పదవ వంతు మాత్రమే.

రాత్రిపూట భార్యాభర్తలు ఆ కొట్టానికి వెళ్లి, దీపం వెలిగించకుండా చీకటిలో కూర్చునేవారు. బల్లల మీది గాజుగొట్టాలు లేత నీలికాంతితో మెరిసేవి. ఆ కాంతి వారి శ్రమకు దక్కిన ఫలం. దానిని చూసి వారు మురిసిపోయారు. ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మూతి కాలక మానదని మన పెద్దలన్నారు. ఈ దీపం కాల్చే తీరు మాత్రం వేరు. కాలినట్లు వెంటనే తెలియదు.

ఈ తీరును తెలుసుకోవడానికి పరమాణువులోకి తొంగిచూడాలి. క్యూరీల తరువాతి శాస్త్రజ్ఞులు వివరించినట్లు, పరమాణువు నడుమ కేంద్రకం ఉంటుంది. యురేనియం, రేడియం వంటి బరువైన మూలకాల కేంద్రకాలు నిలకడ లేనివి. అవి తమంతట తామే విచ్ఛిన్నమై, శక్తిని వెలువరిస్తూ మరొక మూలకంగా మారుతాయి. వేడి చేసినా, చల్లార్చినా, ఆమ్లంలో కరిగించినా ఈ క్రియ ఆగదు. ఒక గ్రాము రేడియంలో సెకనుకు సుమారు 3,700 కోట్ల కేంద్రకాలు విచ్ఛిన్నమౌతాయి. అయినా అందులో సగం తరగడానికి దాదాపు 1,600 సంవత్సరాలు పడుతుంది. మేరీ నోటుపుస్తకాలు నేటికీ చల్లారకపోవడానికి కారణమిదే.

వెలువడే కిరణాలు మూడు విధాలు. ఆల్ఫా కణాలు బరువైనవి. ఒక కాగితం ముక్క గాని, చర్మపు పైపొర గాని వాటిని ఆపివేస్తుంది. బీటా కణాలు చర్మంలోనికి కొంతదూరం పోగలవు. గామా కిరణాలు శరీరాన్ని దాటి అవతలికి పోగలవు. వాటికి అడ్డుగా దళసరి సీసపు దిమ్మెలు కావాలి. ఇవన్నీ తాము పోయే దారిలోని అణువుల నుండి ఎలక్ట్రాన్లను పెకలిస్తాయి. గాలిలో ఈ పని జరిగితే విద్యుత్తు ప్రవహిస్తుంది. మేరీ పరికరం కొలిచినది దానినే. జీవకణంలో అదే పని జరిగితే, జీవకణపు స్వభావాన్ని నిర్ణయించే డి.ఎన్.ఎ. పోగులు తెగిపోతాయి. స్వల్పంగా తెగితే జీవకణం తనను తాను బాగుచేసుకుంటుంది. ఎక్కువగా తెగితే చనిపోతుంది. తప్పుగా అతికితే ఏళ్లు గడచిన తరువాత అదే క్యాన్సరుగా పరిణమించవచ్చు. త్వరత్వరగా విభజన చెందే జీవకణాలకు ఈ దెబ్బ ఎక్కువ. రక్తాన్ని తయారుచేసే ఎముకల మూలుగ అటువంటి వాటిలో ముఖ్యమైనది.

చర్మానికి కలిగే హాని క్యూరీలకు తెలియనిది కాదు. బెకరల్ రేడియం గొట్టాన్ని కోటు జేబులో పెట్టుకొని తిరగగా పొట్ట మీద కాలిన గాయమైంది. పియరీ ఉద్దేశపూర్వకంగా రేడియం పదార్థాన్ని తన చేతికి పది గంటలు కట్టుకొన్నాడు. చర్మం ఎర్రబడింది, పుండు పడింది, యాభై రోజులు దాటినా అది పూర్తిగా మానలేదు. ఆయన దిగులు పడలేదు. రోజువారీగా గమనించి 1901లో బెకరల్‌తో కలిసి దానిని ప్రచురించాడు. చర్మాన్ని చంపగలిగినది క్యాన్సర్ గడ్డను కూడ చంపగలదని వైద్యులు ఊహించారు. క్యాన్సర్ జీవకణాలు కూడ త్వరగా విభజన చెందేవే. కనుక రేడియం చికిత్సకు నాంది పలికినది ఆ గాయమే. హాని, ఉపకారం ఒకే గుణానికి రెండు ముఖాలు కావడం వల్లనే రేడియం విషయంలో మనుషులు అంతకాలం పొరపడ్డారు. మందు అన్న పేరు రాగానే విషమన్న మాట మరుగున పడిపోయింది.

1903లో మేరీకి డాక్టరేటు లభించింది. అదే సంవత్సరం భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతిని బెకరల్‌కు, క్యూరీ దంపతులకు కలిపి ఇచ్చారు. అనారోగ్యం వల్ల, పని ఒత్తిడి వల్ల వారు వెంటనే స్టాక్‌హోమ్ పోలేకపోయారు. పియరీకి కాళ్లనొప్పులు, మేరీకి తీరని అలసట. వేలికొనల చర్మం గట్టిపడి నొప్పి పెట్టేది. ఇదంతా కొట్టంలోని చలి వల్ల, శ్రమ వల్ల అని సరిపెట్టుకొన్నారు. 1905లో పియరీ స్టాక్‌హోమ్‌లో ఉపన్యసిస్తూ, రేడియం దుష్టుల చేతిలో పడితే ప్రమాదకరం కాగలదని హెచ్చరించాడు. దుష్టుల చేతిలోనే కాదు, సజ్జనుల చేతిలో కూడ అది ప్రమాదకరమే అన్న సంగతి ఆ దంపతులకు అప్పటికి తోచలేదు.

రేడియం తయారీ విధానం మీద వారు పేటెంటు తీసుకోలేదు. శాస్త్రజ్ఞానం అందరి సొత్తు అని భావించి, అడిగినవారికల్లా ఉచితంగా తెలియజేశారు. ప్రపంచంలోకెల్ల అత్యంత ఖరీదైన పదార్థాలలో ఒకటిగా అది మారినా, వారి ఇంట ఆ సిరి అడుగుపెట్టలేదు.

1906 ఏప్రిల్ 19న పారిస్ వీధిలో గుర్రపుబండి కింద పడి పియరీ మరణించాడు. మేరీకి ముప్పైఎనిమిదేళ్లు, ఇద్దరు చిన్నబిడ్డలు. సోర్బాన్ విశ్వవిద్యాలయం భర్త బోధించిన స్థానాన్ని ఆమెకే అప్పగించింది. అక్కడ బోధించిన తొలి మహిళ ఆమెయే. నవంబరు 5న నిండిన సభలో, సంతాపవాక్యం ఒక్కటీ పలకకుండా, పియరీ విడిచిపెట్టిన పాఠం దగ్గరనుండి ఆమె బోధన ఆరంభించింది. 1910లో రేడియంను లోహరూపంలో వేరుచేసింది. 1911 జనవరిలో ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు స్వల్ప ఓట్ల తేడాతో ఆమెకు సభ్యత్వం నిరాకరించింది. ఆ సంవత్సరాంతంలోనే రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. రెండు వేర్వేరు శాస్త్రాలలో ఆ గౌరవం పొందిన మొదటి వ్యక్తి ఆమె.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. గాయపడిన సైనికుల శరీరాలలో తూటా ఎక్కడున్నదో తెలియక వైద్యులు గుడ్డిగా కోయవలసి వస్తున్నదని మేరీ గ్రహించింది. మోటారుబండ్లలో ఎక్స్‌కిరణ యంత్రాలను అమర్చి యుద్ధభూమికి చేర్చింది. అటువంటి బండ్లు ఇరవై, స్థిర కేంద్రాలు రెండువందలు ఆమె కృషి వల్ల ఏర్పడ్డాయి. స్వయంగా బండి నడపడం నేర్చుకొన్నది. సుమారు 150 మంది మహిళలకు ఈ పనిలో శిక్షణ ఇచ్చింది. పదిహేడేళ్లు నిండిన కుమార్తె ఐరీన్ తల్లికి తోడుగా నిలిచింది. పది లక్షలకు మించిన క్షతగాత్రులకు ఈ పరీక్షలు జరిగాయని అంచనా. ఎక్స్‌కిరణాలు రేడియోధార్మిక పదార్థం నుండి కాక విద్యుత్ యంత్రం నుండి వచ్చేవే అయినా, జీవకణాల మీద వాటి ప్రభావం అటువంటిదే. ఆ తల్లీకూతుళ్లు చాలినంత రక్షణ లేకుండానే రోజుల తరబడి వాటి నడుమ పనిచేశారు.

యుద్ధానంతరం రేడియం మోజు పరాకాష్ఠకు చేరింది. ముఖానికి రాసుకునే లేపనాలలో, బలానికి తాగే నీళ్లలో రేడియం ఉన్నదని చెప్పి అమ్మారు. 1921లో అమెరికా మహిళలు చందాలు పోగుచేసి లక్ష డాలర్ల విలువ గల ఒక గ్రాము రేడియం కొనగా, అధ్యక్షుడు హార్డింగ్ దానిని మేరీకి బహూకరించాడు. రేడియంను లోకానికి ఇచ్చిన మనిషి వద్ద పరిశోధనకు చాలినంత రేడియం లేకపోవడం వారిని కదిలించింది.

అదే అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రంలో, యువతులు కొందరు గడియారాల అంకెలకు చీకటిలో మెరిసే రేడియం రంగు వేసేవారు. కుంచె మొన సన్నగా రావడానికి దానిని పెదవుల మధ్య పెట్టుకునేవారు. అలా రోజూ రవ్వంత రేడియం కడుపులోకి పోయింది. రేడియం రసాయనికంగా కాల్షియంను పోలినది. శరీరం దానిని కాల్షియంగా భ్రమించి ఎముకలలో చేర్చుకొంటుంది. చర్మపు పొరను దాటలేని ఆల్ఫా కణాలు అక్కడ మూలుగ పక్కనే కూర్చుని దానిని అనుక్షణం కాలుస్తాయి. ఆ యువతుల దవడ ఎముకలు కుళ్లిపోయాయి, రక్తం క్షీణించింది, పలువురు మరణించారు. ఐదుగురు బాధితులు న్యాయస్థానానికెక్కి 1928లో పరిహారం పొందారు. బయట ఉన్న రేడియం కన్న లోపలికి పోయిన రేడియం ఎంత ఘోరమైనదో లోకానికి తెలిసినది వారి ప్రాణాల ఖరీదుకే.

పారిస్‌లో మేరీ అధ్వర్యంలోని రేడియం సంస్థలో కూడ భయం మొదలైంది. ఆమె తన సిబ్బందికి రక్తపరీక్షలు చేయించేది. అంటకుండా పట్టుకారుతో పట్టుకోవాలని, సీసపు తెరల చాటున పనిచేయాలని, తరచు ఆరుబయటి గాలిలో తిరగాలని విధించేది. తాను మాత్రం ఆ నియమాలను అంతగా పాటించలేదు. నోటితో గొట్టంలోనికి ద్రవాన్ని పీల్చే పాత అలవాట్లు, ఉత్త చేతులతో పనిచేసే తొందర ఆమెను వదలలేదు. ఆమె అజ్ఞానం వల్ల బలి అయిందని చాలామంది రాస్తారు. తొలినాళ్లకు అది నిజమే. చివరి పదేళ్లకు ఆ మాట సరిపోదు. రేడియం పట్ల ఆమెకు ఉన్నది సంతానం మీద ఉండే మమకారం వంటిది, నిందను వినలేకపోయింది. కళ్లకు శుక్లాలు కమ్మి పలుమార్లు శస్త్రచికిత్స జరిగినపుడు కూడ ఆ సంగతి బయటికి పొక్కనీయలేదు. పరికరాల మీద రంగుల గుర్తులు పెట్టుకొని, ఉపన్యాసాలను పెద్ద పెద్ద అక్షరాలలో రాసుకొని పని నెట్టుకువచ్చింది.

1934 జనవరిలో కుమార్తె ఐరీన్, అల్లుడు ఫ్రెడరిక్ జోలియో కృత్రిమ రేడియోధార్మికతను సాధించారు. మేరీ ఆ గొట్టాన్ని చేతిలోకి తీసుకొని, కొలిచే పరికరం దగ్గరికి జరిపి, దాని చప్పుడు విని సంతోషించింది. మే నెలలో జ్వరంతో ప్రయోగశాల నుండి ఇంటికి వెళ్లిన మనిషి మళ్లీ రాలేదు. క్షయ అనుకొని ఆల్ప్స్ పర్వతప్రాంతంలోని సాన్‌సెల్‌మోజ్ ఆరోగ్యకేంద్రానికి తరలించారు. ఊపిరితిత్తులలో రోగం లేదు. రక్తం తయారుచేసే మూలుగ చచ్చుబడిపోయింది. 1934 జూలై 4న ఆమె కన్నుమూసింది. చిరకాలం సేకరమైన కిరణాల ప్రభావమే దానికి కారణం కావచ్చునని అక్కడి వైద్యుడు నమోదు చేశాడు. ఐరీన్ 1956లో రక్తక్యాన్సరుతో మరణించింది.

1995లో ఫ్రాన్సు ప్రభుత్వం జాతీయ వీరుల సమాధిమందిరమైన పాంథియాన్‌కు మేరీ, పియరీల అవశేషాలను తరలించింది. స్వకీయ ప్రతిభతో ఆ గౌరవం పొందిన తొలి మహిళ ఆమె. సమాధిని తెరచినపుడు, ఆమె శవపేటికలో సీసపు పేటిక ఒకటి ఉన్నట్లు తెలిసింది. అధికారులు జాగ్రత్తగా లోపలి రేడియోధార్మికతను కొలిచారు. అది వారు అనుకొన్నదాని కన్న చాల తక్కువగా ఉన్నది. ఆమె మరణానికి రేడియం కన్న, యుద్ధకాలంలో సైనికుల కోసం పనిచేసినపుడు తగిలిన ఎక్స్‌కిరణాలే ఎక్కువ కారణమై ఉండవచ్చునని వారు అభిప్రాయపడ్డారు.